గూడెం పేరు లేని ప్లాను ఎవరి కోసం?

కొన్నేళ్ల కిందట, వానాకాలం మొదలయ్యే ముందు, విపత్తుల సన్నద్ధత మీద సమావేశం ఉందని టీచర్లను పిలిచారు. వెళ్లాను. తలా ఒక ఫారం చేతికిచ్చి సాయంత్రంలోగా నింపమన్నారు. తుపాను షెల్టరు మీ ఊరికి ఎంత దూరం అని ఒక గడి. పడవలు ఎన్ని ఉన్నాయని ఇంకో గడి. గజ ఈతగాళ్ల పేర్లు రాయండని మరొకటి. మా బడి ఉన్నది నల్లమల అంచున ఒక చెంచుగూడెంలో. మా పిల్లలకు సముద్రమంటే పుస్తకంలో బొమ్మే. 'లేదు', 'లేవు', 'వర్తించదు' అని రాసుకుంటూ పోయాను. వాగు పొంగితే గూడేనికి ఎన్నాళ్లు దారి ఉండదు, పాము కరిస్తే సూది ఎంత దూరంలో దొరుకుతుంది, ఏప్రిల్‌లో చెలమలో నీళ్లు ఉంటాయా ఉండవా అని అడిగే గడి ఒక్కటీ లేదు. అవన్నీ వెనక పేజీలో రాయబోతే పక్కనున్న ఉద్యోగి ఆపాడు. "అక్కడ రాస్తే కంప్యూటర్లో ఎక్కదు మాస్టారూ" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. ఫారం అతను తయారు చేసింది కాదు. సాయంత్రానికి మా గూడెం 'సన్నద్ధత పూర్తి' అయిన ఊళ్ల లెక్కలో చేరింది.

ఈ పాత సంగతి ఇప్పుడు ఎందుకు చెప్తున్నానంటే, 2025 ఆఖరున మార్కాపురం కేంద్రంగా కొత్త జిల్లా వచ్చింది. ఈ జిల్లాకు సముద్రం లేదు. కొండలున్నాయి, అడవి ఉంది, కరువు ఉంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం 25వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక విపత్తు నిర్వహణ సంస్థ ఉండాలి. దానికి కలెక్టరు అధ్యక్షులు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ సహ అధ్యక్షులు. 31వ సెక్షన్ ప్రకారం జిల్లాకొక ప్లాను రాయాలి. ఏ ప్రాంతానికి ఏ ప్రమాదం పొంచి ఉందో అందులో చెప్పాలి. ఏటా దాన్ని సరిచూసి మార్చాలి. అంటే మన జిల్లాకు ప్లాను కొత్తగా రాయాల్సిన సమయం ఇదే. ఒంగోలు కాగితాల మీద పేరు మార్చి ముద్ర వేస్తే, ఇంకో ఇరవై ఏళ్లు మనం 'వర్తించదు' అని రాసుకుంటూనే ఉంటాం.

సన్నద్ధత దండగ అని నేను అనడం లేదు. దాని వల్ల ప్రాణాలు నిలుస్తాయనడానికి మన రాష్ట్ర తీరమే సాక్ష్యం. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో పది వేల మంది దాకా పోయారు. ఆ దెబ్బ తర్వాతే కోస్తాలో తుపాను షెల్టర్లు లేచాయి, హెచ్చరికలు ఊరూరికీ చేరే దారి పడింది. ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌కు దాదాపు పది వేల మంది చనిపోయారు. 2013లో ఫైలిన్ వచ్చినప్పుడు అదే ఒడిశా లక్షల మందిని ముందే తరలించింది, పోయిన ప్రాణాలు పదుల్లోకి తగ్గాయి. గాలి మెత్తబడలేదు. ఊరి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చారు, షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉందో, ముసలివాళ్లను ఎవరు మోసుకు రావాలో ముందే రాసిపెట్టుకున్నారు. తీరానికి ఇంత చేసిన ప్రభుత్వాలు పడమటి మండలాలకు ఏం చేశాయన్నదే నా ప్రశ్న.

మన విపత్తులు టీవీలో కనపడేవి కావు. 2015 మే నెల వడగాడ్పులకు రాష్ట్రంలో 1,300 మందికి పైగా చనిపోయారు. ఎక్కువ మందిని పోగొట్టుకున్న జిల్లాల్లో ప్రకాశం ముందు వరసలో ఉంది. అన్ని ఇళ్లు ఒక్క రాత్రి ఉప్పెనలో కొట్టుకుపోయి ఉంటే దేశమంతా తరలివచ్చేది. ఎండకు ఊరికొకరు, ఇద్దరు చొప్పున పోయారు కాబట్టి ఎవరి ఇంటి ఏడుపు వాళ్ల ఇంట్లోనే ఆగిపోయింది. వడదెబ్బ సాయం రావాలంటే మరణానికి ధ్రువీకరణ కావాలి, పోస్టుమార్టం కావాలి. మన గూడేల్లో పొద్దు గూకేలోగా మట్టి చేస్తారు. తేనెకు పోయి, గడ్డలకు పోయి చెట్టు కింద ఒరిగిన మనిషి ఏ లెక్కలోకి వస్తాడు?

కరువు సంగతి చెప్పనక్కర్లేదు. మండలాన్ని కరువు మండలంగా ప్రకటించాలంటే వానకొలత చూస్తారు, పంట చూస్తారు, భూగర్భజలం చూస్తారు. సెంటు పొలం లేని చెంచు కుటుంబానికి, కూలికి వలసపోయే యానాది కుటుంబానికి పంటనష్టం ఎక్కడ రాస్తారు? నీళ్ల ట్యాంకరు రోడ్డున్న ఊరిదాకా వస్తుంది. రోడ్డు ఆగినచోట ట్యాంకరూ ఆగుతుంది, ఆ తర్వాత ఆడవాళ్ల నెత్తిమీద బిందె. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. ఆ రాయి వేసిన ఏడు పుట్టిన పిల్లలు ఈరోజు తమ పిల్లలను నా బడిలో చేరుస్తున్నారు. బోర్లలో ఫ్లోరైడు, కుళాయిలో గాలి అలాగే ఉన్నాయి.

వాన రాకపోతే ఒక బాధ, వస్తే ఇంకో బాధ. 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. దాని వాన మన దాకా వచ్చింది. కొండ మీద పడిన నీళ్లు వాగుల్లోకి ఒక్కసారిగా దిగుతాయి. నొప్పులు పడుతున్న ఆడమనిషి ఒక గట్టున, 108 బండి ఇంకో గట్టున నిలబడటం మా గూడెంలో కొత్త కాదు. తుపాను కేంద్రం ఎక్కడుందో ఫోన్‌లకు సందేశం పంపామంటారు. యర్రగొండపాలెం మండలంలో అడవి లోపలున్న పాలుట్ల లాంటి చోట్లకు ఆ సందేశం ఏ దారిన చేరాలి? సిగ్నల్ లేని గూడేనికి ఫోన్ హెచ్చరిక పంపడం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు తలుపు కొట్టి పోవడం లాంటిదే. పంపిన లెక్క మాత్రం ఉంటుంది.

వీటిని చిన్న సంగతులు అనేవాళ్లకు చట్టమే జవాబు చెప్తుంది. విపత్తు అంటే ఏమిటో 2005 చట్టం నిర్వచించింది. దెబ్బతిన్న ప్రాంతపు జనం తట్టుకునే శక్తికి మించిన నష్టం విపత్తు అని అందులో ఉంది. కొలబద్ద జనం తట్టుకునే శక్తి. వెయ్యి గడపల ఊరికి రెండు రోజులు దారి లేకపోతే ఇబ్బంది. ముప్పై గడపల గూడేనికి, నిలవ బియ్యం లేని ఇంటికి, కాన్పుకు దగ్గరపడిన మనిషికి అదే రెండు రోజులు విపత్తు. ఈ మాట పట్టుకుని మనం ఎప్పుడైనా అడిగామా?

అడిగితే రెండు జవాబులు వస్తాయి. మొదటిది, 'చెంచులకు అడవి అలవాటే' అనేది. అలవాటే. ఏ గాలికి ఏ వాన వస్తుందో, నిప్పు ఏ వైపు పాకుతుందో, ఏ గుట్ట కింద చెలమ ఎండదో మా పెద్దలకు తెలుసు. ఫిబ్రవరి నుంచి మే దాకా నల్లమలలో కార్చిచ్చు లేస్తే, మంట ఎక్కడుందో ఉపగ్రహం చెప్తుంది, దాన్ని కొమ్మలతో కొట్టి ఆర్పేది ఎక్కువగా మన కుర్రాళ్లే. అంత తెలిసినవాళ్లను ప్లాను రాసేటప్పుడు ఎందుకు పిలవరు? మంట ఆర్పేటప్పుడు పనికొచ్చే తెలివి, నీళ్లు అడిగేటప్పుడు 'అలవాటు' ఎందుకవుతుంది? పైగా బాధకు అలవాటు పడటం వేరు, బాధ లేకపోవడం వేరు.

రెండోది, 'అడవి వదిలి బయటికి రండి, అన్నీ ఇస్తాం' అనేది. పులుల అభయారణ్యం పేరు చెప్పి రోడ్డుకు, కరెంటుకు, పైపులైనుకు అడ్డు చెప్తారు. కానీ 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చదవండి. బడి, ఆసుపత్రి, తాగునీటి పైపులు, కరెంటు తీగలు, టెలిఫోన్ లైన్లు, రోడ్డు, సామాజిక భవనం వంటి 13 రకాల పనులకు, ఒక్కో పనికి హెక్టారు లోపు అటవీ భూమిని, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చు. చట్టం ఇచ్చిన దారి ఇది. గూడెం ఖాళీ చేస్తేనే నీళ్లు అనడం సాయం కాదు, బేరం. బయట దిగువ ఊళ్లలోనూ కరువు ఉంది, ఫ్లోరైడు ఉంది. అక్కడికి పోయిన మన జనం విపత్తును దాటలేదు, ఒక విపత్తు నుంచి ఇంకో విపత్తుకు మారారు.

అసలు లోపం ఎక్కడుంది? బాధ్యత పది చేతుల్లో ఉంది, అందుకే ఏ చేతిలోనూ లేదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పంచాయతీలకు 29 అంశాలు రాసింది, వాటిలో విపత్తు నిర్వహణ పేరు లేదు. విపత్తు చట్టం 41వ సెక్షన్ మాత్రం స్థానిక సంస్థల సిబ్బందికి శిక్షణ ఉండాలని, సామగ్రి ఎప్పుడూ సిద్ధంగా ఉంచాలని చెప్తుంది. పని చెప్పారు, పైసలు చెప్పలేదు. మన గూడేలు చాలావరకు మైదానపు పంచాయతీలకు శివార్లు. సర్పంచి దృష్టిలో మనం ఓట్లు తక్కువ ఉన్న మూల. అడగబోతే పంచాయతీవాళ్లు ఐటీడీఏను చూపిస్తారు, ఐటీడీఏ అటవీ శాఖను, అటవీ శాఖ రెవెన్యూను. కృష్ణకు ఆవల అమ్రాబాద్ చెంచులు ఐదో షెడ్యూలు ప్రాంతంలో ఉన్నారు, వాళ్ల గ్రామసభకు 1996 పీసా చట్టం అండ ఉంది. ఈవల ఉన్న మనం షెడ్యూలు బయట. అదే మాట, అదే మల్లన్న, అదే చుట్టరికం. నది దాటితే హక్కు ఆగిపోతుంది.

స్థానిక సంస్థ తలుచుకుంటే ఎండ కూడా విపత్తే అవుతుంది. 2010 వడగాడ్పుల తర్వాత అహ్మదాబాద్ నగరపాలక సంస్థ 2013లో సొంతంగా ఎండ ప్లాను రాసుకుంది. ఢిల్లీ చెప్పేదాకా ఆగలేదు. జాతీయ విపత్తుల జాబితాలో లేని వాటికి రాష్ట్ర విపత్తు నిధిలో పది శాతం దాకా వాడుకునే వీలు రాష్ట్రాలకు ఉంది. మన రాష్ట్రం వడగాడ్పులను అలా గుర్తించింది కూడా. నిధికి దారి ఉన్నప్పుడు గూడెం దాకా రాకపోవడానికి కారణం ప్లానులో గూడెం లేకపోవడమే.

కాబట్టి మనం అడగవలసినవి ఇవి. ఒకటి, కొత్త జిల్లా ప్లానులో పెద్దదోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు, గిద్దలూరు మొదలైన మండలాల్లోని ప్రతి గూడెం, ప్రతి తండా పేరు, దాని ప్రమాదం, దాని దారి రాయాలి. రెండు, జిల్లా సంస్థలోకి ప్రభుత్వం ఇద్దరు జిల్లా అధికారులను అదనంగా నియమించవచ్చని 25వ సెక్షన్‌లో ఉంది. ఆ రెండు కుర్చీలు ఐటీడీఏ అధికారికి, అటవీ అధికారికి ఇవ్వాలి. అప్పుడు ఒకరినొకరు చూపించుకోవడం ఒక్క బల్ల దగ్గర తేలిపోతుంది. మూడు, సిగ్నల్ లేని గూడెంలో వైర్‌లెస్ సెట్టు పెట్టి, మన కుర్రాళ్లలో ఇద్దరికి జీతమిచ్చి శిక్షణ ఇవ్వాలి. నాలుగు, వానలకు ముందే రెండు నెలల రేషన్ గూడెంలో దించాలి, నెలలు నిండుతున్న గర్భిణులను ముందే ఆసుపత్రి దగ్గరికి చేర్చాలి, దగ్గరి పీహెచ్‌సీలో పాముకాటు మందు ఉందో లేదో ప్రతి నెలా గూడేనికి చెప్పాలి. ఐదు, మరణ ధ్రువీకరణకు అధికారులు గూడేనికి రావాలి, శవం పట్నానికి పోనక్కర్లేదు. ఇది దయ కాదు. సాయం చేయడంలో కులం, జాతి చూడకూడదని అదే చట్టం 61వ సెక్షన్ చెప్తోంది.

ఇక మన మాట. తోటి టీచర్లారా, ఆ రోజు ఫారం మీద 'వర్తించదు' అని రాసి సంతకం పెట్టింది నేనే. మీలో చాలామంది అదే పని చేసి ఉంటారు. మాక్ డ్రిల్ ఫోటో తీసి గ్రూపులో పెట్టి చేతులు దులుపుకున్నాం. మన సంతకం వల్లే గూడెం సన్నద్ధమైందని కాగితం అబద్ధం చెప్పింది. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, చదువుకున్న మీరు గూడెం వదిలిపోయాక, గ్రామసభకు మన తరఫున ఎవరూ పోవడం లేదు.

ఈ ఎండాకాలం లోపు ఒక పని చేద్దాం. ప్రతి బడిలో ఒక పెద్ద కాగితం పరుద్దాం. ఐదో తరగతి పిల్లలు గూడెం పటం గీస్తారు. చెలమలు, వాగు రేవులు, పిడుగులు పడే గుట్ట, నిప్పు వచ్చే దారి, నడవలేని అవ్వ ఉన్న ఇల్లు, నెలలు నిండిన ఇల్లు అన్నీ పెద్దలు చెప్తుంటే గుర్తు పెట్టాలి. కింద గూడెం జనమంతా వేలిముద్రలు, సంతకాలు వేయాలి. అటవీ హక్కుల చట్టం ప్రకారం మన గూడెమే ఒక గ్రామం, మన సభే గ్రామసభ. ఆ సభలో తీర్మానం చేసి, ఒక కాపీ పంచాయతీకి, ఒకటి తహసీల్దారుకు, ఒకటి కలెక్టరుకు ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోవాలి. అది తీసుకోవడానికి కంప్యూటర్లో గడి లేదంటే, గడి పెట్టేదాకా అక్కడే కూర్చుందాం.

మా బడి గోడకు ఆ పటం ఇప్పటికే సగం గీసి ఉంది. వాగు అవతల గట్టున పిల్లలు ఒక 108 బండి బొమ్మ వేశారు. వంతెన వేయమంటే ఒక పిల్ల అడిగింది: "లేనిది ఎట్లా గీయాలి సారూ?" ఆ చోటు ఖాళీగానే ఉంచాం. కలెక్టరుకు ఇచ్చే కాపీలోనూ అది ఖాళీగానే ఉంటుంది.