ఓడలో ఆదివారం ఎప్పుడు?

మన తెల్లాపూర్‌లో సముద్రం లేదు. ఓడ పనివాళ్ల గొడవ మనకెందుకని మిత్రులు అడగవచ్చు. 2004 డిసెంబర్ 26 నాటి సునామీ తర్వాత, 2007లో దేశపు సునామీ హెచ్చరిక కేంద్రం వెలసింది మన హైదరాబాద్‌లోనే, ఇన్‌కాయిస్ సంస్థలో. అక్కడికి కబురు పంపే యంత్రాలు నడిసముద్రంలో తేలుతుంటాయి. వాటిని దించాలన్నా, బాగుచేయాలన్నా సాగర్ నిధి వంటి ఓడలు పోవాలి. మన హెచ్చరిక కేంద్రం వెనుక ఆ నావికుల చెమట కూడా ఉన్నది.

ఓడకు రాత్రి లేదు. ఇంజను దగ్గర, చుక్కాని దగ్గర ఎవరో ఒకరు మేలుకొని ఉండాల్సిందే. పెద్ద ఓడల్లో సాధారణంగా నాలుగు గంటల పని, ఎనిమిది గంటల విరామం. మనుషులు తక్కువైన చిన్న ఓడల్లో ఆరు గంటలు పని, ఆరు గంటలు విరామం. అంటే వారానికి 84 గంటలు! మరమ్మతులుంటే ఆ విరామమూ దక్కదు.

మరి చట్టం లేదా? ఉన్నది. 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒడంబడికను మన దేశం 2015లో ఆమోదించింది. మామూలు పనిదినం ఎనిమిది గంటలేనని అదే చెబుతుంది. కాని హద్దు గీసే చోట రెండు దారులు పెట్టింది. వారంలో పని 72 గంటలు మించరాదు, లేదా విశ్రాంతి 77 గంటలకు తగ్గరాదు. ఏ దారి పట్టాలన్నది ఆయా దేశాల ఇష్టం. వారానికి 168 గంటలు. అందులో 77 తీసేస్తే మిగిలేది 91! ఈ 19 గంటల తేడా ఎవరి నిద్రలోంచి పోతున్నది?

పైగా విశ్రాంతి వేరు, తీరిక వేరు. నాట్లప్పుడు మా నాయిన పొద్దుమాపు పొలం కాడనే ఉంటడు. కాని పని ఒడిసినంక ఇంటికొస్తడు, నలుగురితో కూసుంటడు. ఓడ మనిషి డ్యూటీ దిగినా ఓడలోనే ఉంటాడు. నిద్ర ఒంటికి చాలవచ్చు, మనసుకు చాలదు.

నెలల పనికి నెలల సెలవు, మంచి జీతం ఉన్నాయి కదా అంటారు కొందరు. పండుగ నాడు పాయసం పెడతామని నెలంతా పస్తుండమంటే ఎట్లా?

2024 డిసెంబర్ నుంచి అమల్లోకి వచ్చిన సవరణలు ఓడల్లో నావికులకు ఇంటర్నెట్ సౌకర్యం కల్పించాలన్నాయి. సంతోషమే. కాని బిడ్డతో మాట్లాడటానికి ఫోనొక్కటే చాలదు, మేలుకొని ఉండే ఓపికా కావాలి. అందుకే 91 గంటల దారి మూసి 72 గంటల హద్దు ఒక్కటే ఉంచాలి. ఆ మేరకు ఓడకు మరో ఇద్దరు మనుషులను ఎక్కించాలి. రాత్రి షిఫ్టులకు పోబోయే మనం ఈ మాట ఇప్పుడే అడగాలి.