గుర్రం ఎక్కినా ఎత్తు తగ్గదు

ఖిలా వరంగల్‌లో కీర్తి తోరణాల చుట్టూ పొద్దున్నే నడిచేవాళ్ల మధ్య ఎండాకాలం వచ్చిందంటే ఒకటే ముచ్చట. ఈసారి కేదార్‌నాథా, అమర్‌నాథా? ఎంతమందిమి పోతున్నాం? కాజీపేటలో రైలు ఏ రోజు ఎక్కాలి? లెక్కలన్నీ అయ్యాక ఒక ప్రశ్న మిగులుతుంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు కదా, ఎట్లా? జవాబు కూడా అందరి దగ్గరా సిద్ధంగానే ఉంటుంది. ‘‘గుర్రం మాట్లాడదాం. అమ్మ కూర్చుంటే చాలు.’’

ఆ ‘కూర్చుంటే చాలు’ అన్న మాటతోనే నాకు పేచీ.

కొండల్లో నాలుగైదు రోజులు గుర్రం మీద తిరగడం కొన్ని దేశాల్లో ఒక సరదా. అలా వెళ్లేవాళ్లు చాలామంది ముందు స్వారీ నేర్చుకుంటారు, తలకు హెల్మెట్ పెట్టుకుంటారు. మనకు మాత్రం కొండమీది గుర్రం చక్రాల కుర్చీకి బదులు. 1310లో మాలిక్ కాఫర్ ఢిల్లీకి పట్టుకుపోయిన కప్పంలో ఏనుగులతో పాటు ఓరుగల్లు గుర్రాలూ ఉన్నాయి కానీ, ఇప్పుడు మన ఊళ్లో గుర్రమంటే పెళ్లి బరాత్‌లో కనిపించేదే. స్కూటర్ మీద వెనక కూర్చోబెట్టుకుని హన్మకొండ చౌరస్తా దాటించడానికే భయపడే తల్లిని, ఎన్నడూ ఎక్కని జంతువు మీద, పక్కనే లోయ ఉన్న దారిలో గంటల తరబడి పంపిస్తున్నాం.

అయినా పడిపోతారన్న భయం రెండోది. మొదటిది గాలి.

వరంగల్ సముద్రమట్టానికి మూడు వందల మీటర్ల ఎత్తులో కూడా లేదు. కేదార్‌నాథ్ సుమారు 3,580 మీటర్లు. అక్కడ ఒక్కో శ్వాసలో మనకు అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో దొరికేదానిలో దాదాపు మూడింట రెండు వంతులే. గుర్రం మోకాళ్ల పని తాను చేస్తుంది, ఊపిరితిత్తుల పని చేయదు. పైగా ఇంకో చిక్కు ఉంది. నడిచే మనిషి ఆయాసం వస్తే ఆగుతాడు, టీ తాగుతాడు, కాసేపు కూలబడతాడు. గుర్రం మీద కూర్చున్నవాళ్లకు ఆ హెచ్చరిక అందదు. గౌరీకుండ్ నుంచి కేదార్‌నాథ్ వరకు ఉన్న సుమారు 16 కిలోమీటర్లలో వాళ్లు పూట తిరిగేసరికి 1,600 మీటర్ల ఎత్తు ఎక్కేస్తారు. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని పర్వత వైద్యం చెబుతుంది. మన ప్యాకేజీ టూర్లలో ఈ లెక్క పాటించేవి అరుదు.

అమర్‌నాథ్‌కు పహల్గాం దారిలో వెళితే అది నిజంగానే కొన్ని రోజుల గుర్రపు ప్రయాణం. చందన్‌వాడీ దగ్గర ఎక్కితే పిస్సూ టాప్ నిట్టనిలువు ఎక్కుడు, రాత్రికి శేష్‌నాగ్, మర్నాడు 14,000 అడుగుల మహాగుణాస్ కనుమ, ఆ తర్వాత పంచతరణి, ఆపైన గుహ. ఎత్తు జబ్బు సాధారణంగా ఎక్కిన ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత మొదలవుతుంది. అంటే దారిలో హుషారుగా ఉన్న మనిషికి టెంట్‌లో అర్ధరాత్రి తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం. ఇక్కడే మన ఇంటి వైద్యం రంగంలోకి దిగుతుంది. ‘గ్యాస్ అయి ఉంటుంది’, ‘రైల్లో తిన్నది పడలేదు’, ‘ప్రయాణ బడలిక’. గ్యాస్ మాత్ర ఇస్తారు, నిద్ర మాత్ర ఇస్తారు. నిద్ర మాత్ర ఆ ఎత్తులో శ్వాసను ఇంకా మందగింపజేసే ప్రమాదం ఉంది. విశ్రాంతిగా ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, తూలుతూ నడవడం, పొంతన లేని మాటలు... వీటిలో ఏది కనిపించినా వెంటనే వైద్య శిబిరానికి చేర్చాలి, కిందికి దింపాలి. ఆక్సిజన్, మందులు ఆ లోపు ఊతం మాత్రమే. తెల్లారాక చూద్దాం అనుకుంటే ఆలస్యమైపోవచ్చు.

ఎముకల మాటకొద్దాం. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో ఎముకలు గుల్లబారడం మామూలే. అలాంటివాళ్లకు వెన్నుపూస కూలడానికి గుర్రం మీంచి పడనక్కర్లేదు, మెట్ల దారిలో గంటల తరబడి తగిలే కుదుపులే చాలవచ్చు. స్టెంట్ పడ్డాక రక్తం పలచబడే మందులు వాడుతున్న నాన్నకు అసలు భయం కాళ్లు కాదు, తల. పడి తలకు దెబ్బ తగిలితే లోపల రక్తస్రావం మామూలు వాళ్లకంటే ఎక్కువవుతుంది. షుగర్ ఉన్నవాళ్ల పాదాలకు స్పర్శ తక్కువ కాబట్టి రికాబు ఒరుసుకుపోతున్నా తెలియదు. చలి సంగతి మనవాళ్లు అసలు ఊహించరు. నడిచేవాడి ఒంట్లో వేడి పుడుతుంది, గుర్రం మీద కదలకుండా కూర్చున్నవాళ్లకు అదీ ఉండదు. ఒక వాన పడి శాలువా తడిస్తే ముందు వణికేది వాళ్లే. ధనుర్వాతం టీకా వేయించుకుని ఎన్నేళ్లయిందో కూడా చూసుకోండి. గుర్రపు లద్దె నిండిన దారిలో గీరుకుపోయిన గాయాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంతా చెప్పి పెద్దవాళ్లను ఇంట్లో కూర్చోబెట్టమంటున్నానా? లేదు. జీవితమంతా పిల్లల చదువులకూ ఇంటి అప్పులకూ ఖర్చయిపోయి, అరవై దాటాక ‘ఒక్కసారి చూసొస్తే చాలు’ అనే మనిషికి వద్దని చెప్పే హక్కు నాకు లేదు. కానీ ఆ నిర్ణయం ఇంట్లో, నెలల ముందు, నిజాలు చెప్పుకుని జరగాలి. గుర్రాల స్టాండు దగ్గర బేరమాడుతూ కాదు. అమర్‌నాథ్ యాత్రకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. 13 ఏళ్లలోపు, 70 ఏళ్లు దాటినవాళ్లను, ఆరు వారాలు దాటిన గర్భిణులను అనుమతించరు. మనమేమో ఆ పత్రాన్ని ‘సంతకం పెట్టించుకోవాల్సిన కాగితం’ అంటాం. నా ఉద్దేశంలో మొత్తం యాత్రలో అంతకంటే విలువైన కాగితం లేదు. రైలు టికెట్ కంటే ముందు అదే కావాలి. ఆ పరీక్షలోనే ఎసిటజోలమైడ్ మాత్ర అవసరమా అని కూడా అడగండి. దాన్ని సాధారణంగా ఎత్తు ఎక్కడానికి ముందు రోజు నుంచే వాడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి.

టూర్ ఏజెంట్‌ను మనం ఏసీ ఉందా, దక్షిణాది భోజనం పెడతారా అని అడుగుతాం. అడగాల్సింది వేరే. ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటాం? పహల్గాం సుమారు 2,200 మీటర్లు. అక్కడ రెండు రాత్రులు ఉంటే ఒళ్లు కొంత సర్దుకుంటుంది. కేదార్‌నాథ్‌కైతే గౌరీకుండ్ దగ్గర ఒక రాత్రి, దారిలో లించోలి దగ్గర ఆగే వీలుంటే ఇంకో రాత్రి. సెలవు దొరకదు, గది ఖర్చు పెరుగుతుంది అంటారు. నిజమే. అలాంటప్పుడు నాలుగు ధామాల్లో రెండు తగ్గించుకోవడం మంచిదని నేనంటాను. హెలికాప్టర్ కూడా దీనికి మందు కాదు. అది అదే ఎత్తుకు నిమిషాల్లో చేరుస్తుంది. ఎముకలు బలహీనంగా ఉన్నవాళ్లకు గుర్రం కంటే డోలీ నయం. డబ్బు ఎక్కువే, కానీ కుదుపు తక్కువ.

గుర్రం మీద వెళ్లేవాళ్లకు కూడా కసరత్తు కావాలి. స్వారీలో మోకాళ్లకు పని తక్కువ, తొడలకూ నడుముకూ ఎక్కువ. రెండు నెలల ముందు నుంచి రోజూ నడక, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవడం, వీలైతే పద్మాక్షి గుట్ట మెట్లు. హైదరాబాద్‌లో స్వారీ నేర్పే చోట్లున్నాయి. ఒక్క పూట ఎక్కి దిగి చూసినా అమ్మకు తన నడుము ఏమంటుందో తెలుస్తుంది.

మనల్ని మోసే జంతువు ఆరోగ్యమూ మన క్షేమమే. 2025 మేలో కేదార్‌నాథ్ దారిలో గుర్రాలు, కంచరగాడిదలు వరుసగా చనిపోవడంతో అధికారులు వాటి రాకపోకలను ఒక రోజు ఆపాల్సి వచ్చింది. కుంటుతున్నది, జీను కింద పుండు ఉన్నది, ముక్కు కారుతున్నది ఎంత తక్కువకు వచ్చినా ఎక్కకండి. అలసిన జంతువు కాలు జారితే పడేది మీరే. ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనక్కి వంగాలి. రికాబులో పాదం ముందు భాగమే ఉంచాలి, పడినా కాలు ఇరుక్కోదు. బాగా నిట్టనిలువుగా ఉన్న దిగుడులో, మోకాళ్లు ఏమాత్రం సహకరించినా, దిగి చేయి పట్టుకుని నడవడమే మేలు.

ఇంకొకటి, దీన్ని ఎవరూ చెప్పరు. గుర్రం నడిచేవాళ్లకంటే ముందు వెళ్లిపోతుంది. కొడుకు, కోడలు వెనక, అమ్మ ఒక్కతే ముందు, మందుల సంచి కొడుకు భుజాన. గంటల తరబడి ఇదే పరిస్థితి. కాబట్టి బీపీ, షుగర్ మాత్రలు, నీళ్లు, రెండు బిస్కెట్లు, ఆమె పేరు, జబ్బులు, మీ నంబరు రాసిన చీటీ ఆమె దగ్గరే ఉండాలి. ఇంట్లో ఒకరు ఆమె పక్కనే ఇంకో గుర్రం మీద ఉంటే ఇంకా మంచిది. జమ్మూ కశ్మీర్‌లో బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ తీసుకోండి. గుర్రం నడిపించే కుర్రాడికి తెలుగు రాదు. అమ్మకు హిందీ రాకపోతే బయల్దేరే ముందే నాలుగు మాటలు నేర్పించండి. రోకో, ధీరే, ఉతారో, చక్కర్ ఆ రహా హై.