పట్టేవాళ్ల సంగతేమిటి?

సంక్రాంతి వచ్చిందంటే నరసరావుపేట, గురజాల, మాచర్ల చుట్టుపక్కల ఊళ్లలో ఒక పక్క ఎడ్ల బండలాగుడు, ఇంకో పక్క కబడ్డీ. మిరప కోతల హడావిడిలో ఉన్నవాళ్లు కూడా పొద్దు వాలేసరికి గీతల చుట్టూ చేరతారు. అందరి కళ్లూ కూతకెళ్లేవాడి మీదే. ఈలలు వాడికే, భుజాల మీద ఊరేగింపూ వాడికే. వాణ్ణి పట్టి పడగొట్టినవాడి పేరు సొంత ఊరు దాటి వెళ్లడం అరుదు. దూకినవాడి కథలే విని పెరిగిన సీమ మనది. కారంపూడిలో నాగులేరు పక్కన నిలబడి ఎవరిని అడిగినా పల్నాటి యుద్ధంలో దూకిన బాలచంద్రుడి గురించే చెబుతారు. వెనక నిలిచి కాచినవాళ్ల ముచ్చట ఎత్తేవాళ్లు తక్కువ.

ప్రొ కబడ్డీకి వచ్చినా మన చూపు మారలేదు. 2014లో లీగ్ మొదలైన నాటి నుంచి తెలుగు టైటాన్స్ అంటే మనకు గుర్తొచ్చేది రైడర్లే. మొదట రాహుల్ చౌదరి. 2019లో 1.45 కోట్లకు వచ్చిన సిద్ధార్థ్ దేశాయ్. 2023 వేలంలో 2 కోట్ల 60 లక్షల 50 వేలు పలికిన పవన్ సెహ్రావత్. ఇందులో ఎవరి ప్రతిభనూ తక్కువ చేయలేం. అయినా 2021 చివర్లో మొదలైన ఎనిమిదో సీజన్ నుంచి పదో సీజన్ దాకా వరుసగా మూడుసార్లు మన జట్టు అట్టడుగునే ఉంది. 66 మ్యాచ్‌లాడి గెలిచినవి 5. అంత ఖరీదైన కూత ఉండి కూడా ఎందుకిలా అయిందో తెలియాలంటే గీతకు ఇవతలి వైపు చూడాలి.

కూతకు వచ్చినవాడు ఒక్కడు, ఎదురుగా ఏడుగురు. చేతిలో ఉన్నది 30 సెకన్లు. పైపైన చూస్తే ఇది పట్టేవాళ్ల ఆటే అనిపిస్తుంది. కానీ తొందరపడి ముగ్గురు మీదపడ్డారనుకోండి, వాడు విదిలించుకుని గీత తాకితే తాకిన ముగ్గురూ బయటికి పోవాల్సిందే. ఒకడి ఆత్రానికి పక్కవాళ్లూ మూల్యం చెల్లించే ఆట ఇది. వాణ్ణి అటూ ఇటూ తిప్పి ఉత్తి చేతులతో పంపినా లాభమే. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, తేలేకపోతే వెళ్లినవాడే అవుట్. అప్పుడు వాడే మీదికి రాక తప్పదు. ఓపిక పట్టడం కూడా పట్టే విద్యలో భాగమని అందుకే అంటారు. 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్లో ఇరాన్ మన దేశ జట్టును 27-18తో ఓడించింది. నలభై నిమిషాల్లో మనవాళ్లను 18 పాయింట్ల దగ్గర ఆపేసిన ఆ పట్టును ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఈ విద్యను దగ్గర నుంచి చూడాలంటే స్టేడియం దాకా పోనక్కర్లేదు. సాయంత్రం ఏ ఊరి బడి మైదానంలోనైనా కుర్రాళ్ల సాధన గమనించండి. ఎడమ కార్నర్‌లో ఉన్నవాడు నడుం వంచి, ఒక చెయ్యి పక్కనున్నవాడి చేతిలో పెట్టి, ఎదుటివాడి మొహం చూడకుండా పాదాలే చూస్తుంటాడు. కూతకు వచ్చినవాడు బోనస్ గీత కోసం ఒక కాలు చాపుతాడు. అప్పుడు వాడి బరువంతా రెండో కాలి మీద ఉంటుంది. కార్నర్‌వాడు మడమ మీదికి దూకాల్సింది ఆ రెప్పపాటులోనే. అయితే అంతకంటే ముందు, పక్కనున్న కవర్‌వాడు పట్టుకున్న చెయ్యి వదలాలి. ఒక్క క్షణం ఆలస్యంగా వదిలితే కార్నర్‌వాడు బోర్లా పడతాడు. ముందే వదిలితే కూతగాడికి సంగతి తెలిసిపోతుంది. చీలమండ దొరికాక కవర్‌వాడు నడుం మీదికి రావాలి, అవతలి కార్నర్ చుట్టు తిరిగి గీతకు అడ్డం పడాలి. “ఆగరా అబ్బాయ్, వాణ్ణి లోపలికి రానీ” అని గట్టు మీద నుంచి పెద్దవాళ్లు అరుస్తుంటారు. ఏ క్షణాన చెయ్యి వదలాలో మాత్రం అరిచి చెబితే వచ్చేది కాదు. ఒకే వీధిలో పెరిగి, ఏళ్ల తరబడి ఒకే గీతల మధ్య కలిసి పడినవాళ్లకు అబ్బుతుంది. ఊరి జట్లలో అన్నదమ్ములో, బావమరుదులో కార్నర్, కవర్ జంటగా నిలబడితే ఎదుటి ఊరివాళ్లు జంకేది అందుకే.

వేలంలో దొరకనిది సరిగ్గా ఇదే. 2022లో తొమ్మిదో సీజన్‌కు టైటాన్స్ యాజమాన్యం పట్టేవాళ్లను పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. రవీందర్ పహల్, విశాల్ భరద్వాజ్, సుర్జీత్ సింగ్, పర్వేశ్ భైన్‌స్వాల్ నలుగురినీ ఒక్కచోటికి తెచ్చింది. కాగితం మీద చూస్తే కోటగోడే. ఆ ఏడు 22 మ్యాచ్‌లలో రెండే గెలిచాం. నలుగురూ పేరున్నవాళ్లే గానీ, ఒకరి చెయ్యి ఒకరికి అలవాటు కాకముందే సీజన్ అయిపోయింది.

పర్వేశ్ సంగతే చూడండి. గుజరాత్ జట్టులో సునీల్ కుమార్ పక్కన కవర్‌లో నిలబడినన్నాళ్లు ఆ జంటను దాటడం గొప్ప రైడర్లకే కష్టంగా ఉండేది. లీగ్‌లో అడుగుపెట్టిన మొదటి రెండేళ్లూ గుజరాత్ ఫైనల్ చేరింది. ఆ జంట విడిపోయిన ఏడాదే పర్వేశ్ మన దగ్గరికి వచ్చాడు. సునీల్ జైపూర్‌కు వెళ్లి, నాయకుడిగా కప్పు ఎత్తాడు. రెండేళ్ల తర్వాత, పదకొండో సీజన్‌లో యు ముంబా ఇద్దరినీ మళ్లీ ఒక్కచోట చేర్చింది. ఆ జట్టు ప్లేఆఫ్స్ చేరింది. దీన్నంతా వాళ్లిద్దరి ఖాతాలోనే వేయడం అతిశయోక్తి అవుతుంది. అయితే జంటకు విలువ కట్టినవాళ్లు ఉన్నారని తెలుస్తోంది.

ఒక్కడే వచ్చి జట్టు రాత మార్చిన సందర్భాలు లేకపోలేదు. ఇరాన్ ఆటగాడు మొహమ్మద్‌రెజా షాద్లూ పదో సీజన్‌లో పుణేకి, పదకొండులో హర్యానాకు ఆడాడు. రెండుచోట్లా కప్పు వచ్చింది. పన్నెండో సీజన్‌కు 2.23 కోట్లు పెట్టి గుజరాత్ అతణ్ణి తీసుకుంది. ఆ జట్టు ప్లేఆఫ్స్ గడపే తొక్కలేదు. పుణేలోనూ హర్యానాలోనూ అతడి చుట్టూ ఉన్నవాళ్లు కుదురుగా ఉన్నారు మరి.

ఇక మన పన్నెండో సీజన్. పవన్ వెళ్లిపోయాడు, ఇంకేముందని పెదవి విరిచినవాళ్లే ఎక్కువ. విజయ్ మాలిక్ నాయకత్వంలో, క్రిషన్ కుమార్ హుడా శిక్షణలో టైటాన్స్ నాలుగో సీజన్ తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్ చూసింది, రెండో క్వాలిఫయర్ దాకా వెళ్లింది. భరత్ హుడా కూతలకు చప్పట్లు మోగాయి, మోగాల్సిందే. కార్నర్లలో అంకిత్, శుభమ్ షిండే, కవర్లలో అజిత్ పవార్, అవి దుహాన్ నిలబడ్డారు. వీళ్లలో అంకిత్, అజిత్ అంతకు ముందు ఏడాది కూడా ఇక్కడే ఆడినవాళ్లు. పత్రికల్లో వీళ్ల బొమ్మలు పెద్దగా పడలేదు. మా పత్రికా అందుకు మినహాయింపు కాదు.

రెండో క్వాలిఫయర్‌లో పుణే చేతిలో 50-45తో ఓడాం. కబడ్డీలో 45 పాయింట్లు చేసి ఓడిపోవడం మామూలు విషయం కాదు. కూత తన పని తాను చేసిందనే దాని అర్థం. 50 ఇచ్చుకోవడం దగ్గరే ఫైనల్ చేజారింది. ఈ లెక్క చూసి డిఫెన్స్‌ను కూలదోసి కొత్తగా కట్టాలని సలహా ఇచ్చేవాళ్లు తప్పకుండా బయల్దేరతారు. ఆ పని చేసి 2022లో ఏం మూటగట్టుకున్నామో పైన చెప్పుకున్నాం. అంకిత్, శుభమ్, అజిత్, అవి నలుగురికీ ఇంకో ఏడాది, ఇంకో శిక్షణ శిబిరం కలిసి గడిపే వీలు దొరకాలి. అవసరమైతే ఒక రైడర్ మీద పెట్టే డబ్బులో కొంత ఇటు మళ్లించాలి. ఆవేశంలో ముందే దూకే జబ్బు ఎక్కడుందో చూసుకోవడం కోచ్ పని, దానికి వేలంపాటలో మందు దొరకదు.

సీజన్ ముందు జట్టు జాబితా బయటికి రాగానే అందరం రైడర్ల పేర్లే వెతుకుతాం. ఈసారి కింది నుంచి చదువుదాం. ఎడమ కార్నర్‌లో పాతవాడే ఉన్నాడా? వాడి చెయ్యి పట్టుకునే కవర్ కూడా పాతవాడేనా? ఆ రెండు పేర్లూ కనబడితే మిగతా జాబితా టీ తాగుతూ తీరిగ్గా చూసుకోవచ్చు.