పట్టిక లేని పాటలు

తాటియాకుల కట్ట యొకటి యటుక మీద దొరకినచో మనవారు దానిని కన్నుల కద్దుకొందురు. చదువరాకున్నను పారవేయరు, పసుపు గుడ్డలో జుట్టి దేవుని గూటిలో నుంతురు. అదే యటుక మీద పాత పాటల పెట్టె దొరకినచో పాతసామానులవానిని గేకవేయుదురు. తాళపత్రములో నున్నది విద్య యనియు, మైనములో నున్నది వేడుక యనియు మనకు దోచుచున్నది. ఈ భేదము నెవరు కల్పించిరో గాని, దీనివలన నొక తరము గొంతు మన దేశమున నిశ్శబ్దముగా నశించుచున్నది. పోగొట్టుకొనువారు పామరులే యైనచో మే మింతగా నొచ్చుకొనము. దాచువారే పాడుచేయుచున్నారు, అందులకే యీ వ్యాసము.

ముందుగా వస్తుస్వరూపమును జెప్పవలయును. ఎడిసను 1877లో ఫోనోగ్రాఫును గనిపెట్టినపుడు ధ్వనిని తగరపు రేకు మీద గీయించెను. తరువాత నా రేకునకు మాఱుగా మైనపు గొట్టము వచ్చినది. 1902 మొదలు మూసలో బోసిన నల్లని గొట్టములును, 1908లో నాలుగు నిమిషముల గొట్టములును, 1912లో సెల్యులాయిడు తొడుగు గల నీలి గొట్టములును వెలువడినవి. 1929లో ఎడిసను కంపెనీ యీ వ్యాపారమును జాలించినది. ఇంతలో బెర్లినరు 1887లో ప్రారంభించిన పళ్లెముల పద్ధతి లోకము నాక్రమించెను. 1902 నవంబరులో గైస్బర్గు కలకత్తాలో గౌహరుజాను మొదలగువారి పాటలను బట్టినది పళ్లెముల మీదనే. కాని యదే కలకత్తాలో హేమేంద్రమోహన బోసు గొట్టముల మీద వంగదేశపు గొంతులను బట్టి యమ్మెను. మన దక్షిణదేశమున మద్రాసు మ్యూజియపు థర్స్టనును, ఆయన సహాయకుడు రంగాచారియును తమ జాతిపరిశోధనములో ఫోనోగ్రాఫును వాడిరి. ఫాక్సు స్ట్రాంగ్వేసు 1910-11లో హిందూదేశమున దిరిగి గొట్టముల మీద పాటలను బట్టి, 1914లో హిందూస్థాన సంగీతమును గూర్చి గ్రంథము వ్రాసెను.

గొట్టమునకును పళ్లెమునకును గల ముఖ్యభేదమును మనవారు గ్రహింపకున్నారు. పళ్లెమును కంపెనీవారు మాత్రమే చేయగలరు; ఒక పాటకు వందలకొలది ప్రతులు పుట్టును. మెత్తని గోధుమవన్నె మైనపు గొట్టము మీదనో, యంత్రము గలవా డెవడైనను తన యింటిలో తన తల్లి జోలపాటను బట్టుకొనవచ్చును. అట్టి గొట్టమునకు రెండవ ప్రతి లోకమున లేదు. అది పగిలినచో నా గొంతు మరల బుట్టదు. కావున గొట్టము అచ్చుపుస్తకమువంటిది కాదు, చేవ్రాతవంటిది. మెకంజీ సేకరించిన వ్రాతలకు 1828లో విల్సను వివరణపట్టిక నచ్చువేయింపకున్నచో, బ్రౌను దొర పండితులను గూర్చుకొని వేమన ప్రతులను సరిచూపింపకున్నచో, మన వాఙ్మయచరిత్ర యెట్లుండెడిదో తలచుకొనుడు. చేవ్రాతలకు గల యా గౌరవమును గొట్టమున కేల యీయరాదు?

ఉదాహరణమునకు విశాఖపట్టణపు సీమలో చోడవరము దాపున బుచ్చయ్యపేటలో నొక పాతయింటి యటుక మీద గొట్టముల పెట్టె యున్న దనుకొందము. ఉన్న దని మేము చెప్పుట లేదు. ఉన్నచో దాని గతి యేమగునో చెప్పుచున్నాము. మొదట నింటివారు దానిని దింపి యెండలో బెట్టుదురు. బెల్లపు సీమ యెండకు మైనము నిలుచునా? తరువాత నొక యుత్సాహవంతుడు తడిగుడ్డతో దుడుచును. మఱియొకడు పాతయంత్రము సంపాదించి, పెండ్లిలో బంధువుల యెదుట మ్రోయించును. బరువైన సూది మెత్తని గాడిలో దిరిగినపు డెల్ల గొంతు కొంత యరిగిపోవును. చివరకు వర్తకుడు వచ్చి, మూతల మీది బొమ్మలను జూచి, మంచివి నాలుగేరుకొని తక్కినవానిని విడిచి పోవును. ఏది యే మూతలోనిదో యప్పటికి నెవ్వరికిని దెలియదు. ఇన్ని చేతులు మాఱినను, ఇందేమున్న దని కాగితము మీద వ్రాసినవా డొక్కడును లేడు!

వర్తకుని తరగతుల సంగతి విచారింతము. పాశ్చాత్య సేకర్తలు పాతరికార్డులకు శ్రేష్ఠము మొదలు హీనము వఱకు నక్షరములతో తరగతు లేర్పఱచుకొనిరి. కొనువాడును అమ్మువాడును దూరదేశములం దుండి బేరమాడుకొనుట కది యుపకరించును. మే మా పద్ధతిని నిందింపము. కాని మన సేకర్తలు బేరపు కొలబద్దను విద్యాకొలబద్ద యని భ్రమపడుచున్నారు. నున్నగా మెఱయు విదేశపు బ్యాండువాద్యపు నీలిగొట్టమునకు ప్రథమస్థానము, బూజు పట్టి, చెవికి సగమే వినబడు తెలుగు గొంతునకు చివరిస్థానము, పిమ్మట చెత్తబుట్ట! నూఱు నాణెములలో మెఱయుదాని నేరి, శాసనమున్న రాతిని పారవేయువానిని మీరు పండితు డందురా?

ఒక్క యక్షరముతో మూడు ప్రశ్నలకు జవాబు చెప్పబూనుటయే యీ తప్పునకు మూలము. ఈ మూటిని వేఱువేఱుగా జూడవలయు నని మా మతము. మొదటిది దేహస్థితి. నెఱ్ఱె యున్నదా, అంచు విఱిగినదా, తెల్లని బూజు మచ్చ లున్నవా, నీలిగొట్టములోని సున్నపు గర్భము చెమ్మకు నుబ్బినదా? ఉబ్బినదానిని యంత్రపు కడ్డీ మీదికి బలవంతముగా నెక్కించినచో పగులును. బూజు పైపూత గాదు. అది మైనమునే తినును. తుడిచినను తినబడినది రాదు. రెండవది ధ్వనిస్థితి. కంటికి నున్నగా నుండి చెవికి అరిగిపోయినవి కలవు. కంటికి రోతగా నుండి గొంతు నిలిచినవియు గలవు. కావున చూచి వేసిన తరగతియా, విని వేసిన తరగతియా యను సంగతి పట్టికలో వ్రాయనిచో నా తరగతి యసత్యముతో సమానము. మూడవది యరుదుదనము. అచ్చు గొట్టమా, ఇంటిలో బట్టినదా? వేఱొక చోట దీని ప్రతి కలదా? దేహస్థితిలో నధమమైన గొట్టము అరుదుదనమున నుత్తమము కావచ్చును. ఈ రెండును గలిపి సగటు తీయువాడు వైద్యుడు కాడు, తూకపువాడు.

పట్టిక వ్రాయుటకు మహావిద్య యక్కఱలేదు. ప్రతిగొట్టమునకు నొక సంఖ్య. ఆ సంఖ్య గొట్టము మీద గాక పెట్టె మీదను, లోనుంచు కాగితము మీదను పెన్సిలుతో. గొట్టమును పట్టునపుడు రెండు వ్రేళ్లు లోపల నుంచి వెడల్పుగా జాపి యెత్తవలయును; గాళ్లున్న వెలుపలి మొగమును దాకరాదు. తరువాతి యచ్చుగొట్టముల యంచు మీద పేరును సంఖ్యయు జెక్కబడి యుండును, దానిని నమ్మవచ్చును. మూత మీది పేరును మాత్రము నమ్మరాదు. మూతలు మాఱుట లోకసహజము. మూత మీద నేమున్నదో యొక గడిలోను, గొట్టము మీద నేమున్నదో వేఱొక గడిలోను వ్రాసి, రెండును పొసగనిచోట పొసగ లే దనియే వ్రాయవలయును. మెత్తని మైనపు గొట్టము మీద నే వ్రాతయు నుండదు. పాటకు ముందు పలికిన ప్రకటనయే దానికి ముఖపత్రము. ఆ పలుకులను విన్నవి విన్నట్లు, తప్పులతో గూడ నెత్తి వ్రాయవలయును. గౌహరుజాను పళ్లెము చివర తన పేరు తానే చెప్పుకొన్న సంగతి లోకవిదితము. దూరదేశమున పళ్లెములచ్చువేయు పనివారు ముద్రలు మాఱ్పకుండుట కా పలుకు లుపకరించెను. నాటి వ్యాపారికే గుర్తింపు విలువ తెలిసియుండగా నేటి విద్యావంతునకు దెలియకుండుట చిత్రము.

ఇక మమ్ము మేమే నిందించుకొనవలసిన చోటునకు వచ్చితిమి. పత్రికాముఖమున సంస్కారమును బోధించు మావంటివారికి పూర్వులు వీరేశలింగము పంతులుగారును, వెంకటరత్నము నాయుడుగారును. భోగముమేళములను ఖండించి, బాలికలను దేవాలయముల కంకిత మిచ్చు దురాచారమును మాన్పుటకు వారు పడిన పాటు పూజ్యము. 1947లో మద్రాసు శాసనసభ యా యంకితమును నిషేధించుట న్యాయము. కాని యాచారమును ద్రోసివేయు వేగములో కళావంతుల గొంతును, పేరును గూడ ద్రోసివేసితిమి. తొలినాటి రికార్డులలో దక్షిణదేశపు పాటను నిలిపినవారిలో నీ స్త్రీలు ముఖ్యులు. వారిలో బెంగుళూరు నాగరత్నమ్మ యొకతె. ఆమె 1910లో ముద్దుపళని రాధికాసాంత్వనమును సమగ్రముగా నచ్చువేయించినపుడు, అది యశ్లీల మని దొరతనమువారు నిషేధించిరి. ఒక స్త్రీ వ్రాసినదానిని వేఱొక స్త్రీ ప్రకటించుట తప్పైనది! ఆ నిషేధము తొలగుట కించుమించు మూడున్నర దశాబ్దములు పట్టినది. గ్రంథమునకు గలిగిన యా గతియే గొంతునకు గలుగుచున్నది. పట్టిక వ్రాయువాడు పురుషగాయకుని పేరు, బిరుదు, ఊరు నింపుగా వ్రాయును. స్త్రీ గొంతు వినబడినంతనే 'ఒక గాయని' యని వ్రాసి గీత గీయును. ఇది సంస్కారము గాదు. సోమరితనమునకు సంస్కారమను ముసుగు. దురాచారమును ద్వేషించుడు; పాడినదాని పేరు వ్రాయుడు.

కొండజాతులవారి విషయమునను మన నడత యిట్టిదే. థర్స్టను కాలపు పొత్తములలో కులముల పేర్ల మీద తలల కొలతల సగటు లచ్చయినవి. మాడుగుల కొండలవాని పాట దొరకినచో నేటి పట్టికలోను 'కొండవాని పాట' యని వ్రాసి యూరకుండుట తగునా? తప్పెటగుళ్ల పాటయా, జముకుల కథయా, ఏ భాష, ఏ యూరు, ఏ సందర్భము, పేరు తెలిసినచో నెవరు? గ్రియర్సను సూచనపై 1913 మొదలు 1929 వఱకు హిందూదేశపు భాషల మాదిరులను పళ్లెముల మీద బట్టించినవారు భాష పేరును, కథ పేరును జాగ్రత్తగా వ్రాసికొనిరి. కావుననే యవి నేటికిని వినుటకును, విచారించుటకును పనికి వచ్చుచున్నవి.

కొంద ఱిట్లందురు: 'ఇప్పు డన్నియు సెల్‌ఫోనులోనే వినబడుచున్నవి, ఈ మైనపు ముద్దలతో నేమి పని?' ఆ సెల్‌ఫోనులోని కెట్లు వచ్చినవో వా రాలోచింపరు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా శాఖవారు 2005లో గొట్టముల ధ్వనిని ప్రజల కందఱకును విప్పియిచ్చిరి. నేడక్కడ పదివేలకు పైగా గొట్టములను వినవచ్చును. అంత ధ్వనిలో వెదకినది దొరకుటకు పట్టికయే కారణము. పేరు లేని ధ్వని యెన్ని యంత్రములలో నున్నను అటుక మీది పెట్టెయే. తేలికసూదితో మీటు నూతనయంత్రములు వచ్చినవి. కార్లు హేబరు మొదలగు శాస్త్రజ్ఞులు గాడిని దాకకయే వెలుతురుతో చిత్రము దీసి ధ్వనిని రాబట్టు విధమును గూడ సాధించిరి. నేడు మ్రోగని గొట్టము రేపు మ్రోగవచ్చును. నేడు పారవేసినది మాత్ర మెన్నటికిని మ్రోగదు. కావున పాతయంత్రము మీద వేడుకకు మ్రోయింపకుడు. హీనతరగతి యని పారవేయకుడు.

'డబ్బెక్కడిది?' అని వేఱొక యాక్షేపణ. ఒక లెక్కపుస్తకమునకు, ఒక పెన్సిలునకు, నీడగల పొడి గదికి లక్ష లక్కఱలేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘమును స్థాపించిన మనవారు ధనవంతులై యా పనికి బూనలేదు. ఊరూర పుస్తకములను జేర్చిన యా జాతికి ఊరూర గొంతుల జాబితా వ్రాయుట భారమా? బుచ్చయ్యపేటవంటి యూళ్లలో గొట్టములు దొరకకపోయినను నల్లని లక్క పళ్లెము లుండవచ్చును. విజయనగరపు ద్వారము వెంకటస్వామినాయుడుగారి ఫిడేలు పళ్లెములు, నాటకపద్యముల పళ్లెములు వినని తెలుగుసీమ యున్నదా? వానికిని యీ నియమమే చెల్లును. సారాయితో మాత్రము తుడువకుడు, లక్క కరగును.

కలవారు తమ సొత్తును మా కిచ్చివేయవలయు నని మేము కోరుట లేదు. పెట్టె మీదే, అటుక మీదే. పట్టిక మాత్రము లోకమునది. ఒక ప్రతి మీ యింట, ఒక ప్రతి యూరి గ్రంథాలయమున నుంచుడు. పెట్టెను దాచి పట్టికను దాచువాడు సేకర్త కాడు, చెఱసాల యధికారి. ఆ చెఱలో నున్నది మన తాతమ్మల గొంతు. వారి పేర్లు వ్రాయుటకు నొక పగ లొక పెన్సిలు పట్టలేనివారము, పూర్వుల కీర్తిని గూర్చి సభలలో గొంతెత్తుట యేల?