నాడి ఒక్కటే చాలదు

గురుకుల పద్ధతిలో నాడీజ్ఞానం అభ్యసించినవాడిని గనుక నేను యంత్రపరీక్షలను నిరసిస్తానని చాలామంది భావిస్తారు. నంద్యాలలో నా వద్దకు వచ్చే రోగులలో కొందరు, "సామీ, ఆ రక్తపరీక్షలు మాకొద్దు, మీరు నాడి చూసి చెప్తే చాలు" అంటారు. వినడానికి ఇంపుగా ఉండే ఆ మాట గుండె, మూత్రపిండాల విషయంలో ఎంత ప్రమాదకరమో నేను అనుభవం మీద తెలుసుకున్నాను.

సుమారు ముప్పై సంవత్సరాల క్రిందటి సంగతి. ఆళ్లగడ్డ నుండి విగ్రహాలు చెక్కే శిల్పి ఒకరు, యాభై ఏళ్లవాడు, కాళ్ల వాపుతో వచ్చాడు. వ్రేలితో నొక్కితే గుంట పడుతోంది. మూత్రం తగ్గిందన్నాడు. నాడి చూశాను, నాలుక చూశాను, మూత్రంలో నూనెచుక్క వేసి తైలబిందు పరీక్ష కూడా చేశాను. మూత్రవహ స్రోతస్సుల దోషమని నిశ్చయించి పునర్నవ, పల్లేరు కలిపిన కషాయం ఇచ్చాను. వారం రోజులలో వాపు కొంత తీసింది. నాకు గర్వం కలిగింది. మూడవ వారంలో అతని భార్య వచ్చి, రాత్రిళ్లు పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చుంటున్నాడని చెప్పింది. వెంటనే కర్నూలు పంపించాము. అక్కడ ఇ.సి.జి., ఎకో పరీక్షలు చేసి గుండె కండరం బాగా బలహీనపడిందని తేల్చారు. ఆ వాపు మూత్రపిండాలది కాదు, గుండెది. పడుకున్నప్పుడు ఆయాసం వస్తున్నదా అని నేను అడగనే లేదు! అతడు బ్రతికాడు, అది నా కషాయం చలవ కాదు.

శిరస్సు, హృదయం, వస్తి అనే మూడింటినీ ప్రధాన మర్మములుగా చరకుడు ఒకే చోట చెప్పాడు. గుండె బలంగా నెట్టకపోతే వృక్కాలకు రక్తం చాలదు. వృక్కాలు ఉప్పును, నీటిని వదలకపోతే రక్తపోటు పెరిగి గుండె మీద భారం పడుతుంది. కాళ్ల వాపు రెండింటికీ లక్షణమే. కాలేయం చెడినా వస్తుంది. యోగరత్నాకరం చెప్పిన అష్టస్థాన పరీక్షలో నాడి ఒకటి మాత్రమే, మూత్రం రెండవది. మూత్రాన్ని పరీక్షించమన్న శాస్త్రాన్ని చదివిన మనం, అదే మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతున్నదో చూడడాన్ని పరాయి విద్య అనడం తగునా?

అయితే పరీక్ష చేయించినంత మాత్రాన పని అయిపోదు, దానిని చదవడం తెలియాలి. రక్తంలో సీరమ్ క్రియాటినిన్ 1.2 ఉన్నదనుకుందాం. చాలా కాగితాలలో అది సహజమైన హద్దులోనే కనబడుతుంది. ముప్పై ఏళ్ల యువకునికి ఆ అంకె వస్తే వడపోత సామర్థ్యం సుమారు 83 ఉన్నట్లు లెక్క. అరవై ఐదేళ్ల స్త్రీకి అదే 1.2 వస్తే సామర్థ్యం 50 మాత్రమే! క్రియాటినిన్ కండరాల నుండి పుడుతుంది గనుక కండ తక్కువైన వృద్ధురాలిలో అంకె తక్కువగానే కనబడుతుంది. ఈ లెక్కనే ఇ.జి.ఎఫ్.ఆర్. అంటారు. అది మూడు నెలలకు పైగా 60 కంటె తక్కువగా ఉంటే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధిగా పరిగణించవలెను. కాగితం మీద ఆ లెక్క వేసి లేకపోతే అడిగి వేయించుకోండి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సంగతి మీరు వినే ఉంటారు. కవిటి, సోంపేట ప్రాంతాలలో మధుమేహం, రక్తపోటు వంటి కారణాలేవీ లేనివారికి కూడా మూత్రపిండాలు చెడిపోతున్నాయి. కారణం ఇదమిత్థమని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. అక్కడి వ్యాధిలో మూత్రంలో ప్రోటీన్ అంతగా పోదు, వాపు ఆలస్యంగా వస్తుంది. కనుక మూత్రపరీక్ష ఒక్కటే చాలదు, క్రియాటినిన్ కూడా చూడవలెను. ఏ బాధా లేని మనిషి నాడిలో దీనిని పట్టగలనని నేను చెప్పలేను. చెప్పేవారిని నమ్మను.

గుండె విషయానికి వస్తే, మన ఇళ్లలో ఛాతీనొప్పికి మొదటి పేరు "గ్యాస్". వాము కషాయం త్రాగించి తెల్లవారేదాకా చూద్దామంటారు. నొప్పి ఎడమచేతికో దవడకో ప్రాకుతూ చెమటలు పడుతుంటే కషాయం కాచే సమయం కూడా వృథా చేయరాదు. తొలి ఇ.సి.జి. మామూలుగా ఉన్నా గుండెపోటు లేదని కాదు. అందుకే వైద్యులు మళ్లీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష కొన్ని గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. అనవసరంగా కూర్చోబెట్టారని విసుక్కొని ఇంటికి రావద్దు.

ఇక గృహవైద్యం. ఇది వ్రాయడానికి నాకు కష్టంగానే ఉంది. "కిడ్నీలు శుభ్రపడతాయి" అని కొబ్బరినీళ్లు, అరటిదూట రసం రోజూ త్రాగించడం మన మధ్యతరగతి ఇళ్లలో ఆచారమైపోయింది. ఆరోగ్యవంతునికి అవి మంచివే. వడపోత మందగించినవారిలో మాత్రం వాటిలోని పొటాషియం రక్తంలో పేరుకొంటుంది. 3.5 నుండి 5 మధ్య ఉండవలసిన అంకె 6.5 దాటితే గుండె లయ తప్పి ఆగిపోవచ్చు. గాడిదగడపాకు వంటి ఈశ్వరి జాతి మూలికలలో వృక్కాలను నాశనం చేసే ఆమ్లం ఉన్నదని బెల్జియంలో 1990ల ఆరంభంలో వెల్లడైంది; బరువు తగ్గడానికి వాడిన గుళికలలో అదే జాతి చైనా మూలిక కలిసి అనేకమంది స్త్రీల మూత్రపిండాలు చెడిపోయాయి. పాదరసం కలిసిన నాటుమందులు, ముఖం తెల్లబరచే క్రీములు వాడినవారిలో మూత్రంలో ప్రోటీన్ పోతున్నట్లు ఇటీవల తమిళనాడు, కేరళ వైద్యులు గుర్తించారు. "మూలిక గదా, ఏం చేస్తుంది" అనే మాటను మన వైద్యులే ముందుగా మానుకోవలెను.

పరీక్షల వ్యాపారాన్ని మాత్రం నేను సమర్థించను. డెబ్బై పరీక్షల ప్యాకేజీ కొని, అందులో ఒక్క అంకెకూ అర్థం తెలియక భయపడేవారిని నిత్యం చూస్తున్నాను. నలభై దాటినవారు, మధుమేహం, రక్తపోటు ఉన్నవారు, కీళ్లనొప్పులకు ఏళ్ల తరబడి నొప్పిమాత్రలు మ్రింగేవారు సంవత్సరానికొకసారి రక్తపోటు, చక్కెర, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూపించుకుంటే సాధారణంగా సరిపోతుంది. యాంజియోగ్రాం చేయించుకోవలసి వస్తే అందులో వాడే రంగుమందు బలహీనమైన వృక్కాలకు భారం గనుక, క్రియాటినిన్ ఎంతో ముందే వైద్యునికి చెప్పండి.

ఒకప్పుడు ఇంతమాత్రానికీ కర్నూలు వెళ్లవలసి వచ్చేది. నంద్యాల 2022లో జిల్లా అయింది, 2023లో ఇక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఆళ్లగడ్డ నుండి తొలి బస్సుకు వచ్చేవారిని ఇప్పుడు ముందుగా రక్తం, మూత్రం ఇచ్చి ఆ తరువాతనే నా వద్దకు రమ్మంటున్నాను. కొందరు చిన్నబుచ్చుకొని, ఈయనకు నాడి మరుగైపోయిందేమోనని బయట అరుగు మీద చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి. కాగితం వచ్చాక నాడి కూడా చూస్తాను.