బాయ్

ఆ రోజు మా టేబుళ్ల మీద తలా ఒక శుభలేఖ ఉంది. పెళ్లికూతురి తండ్రి పేరు మాలో ఎవరికీ తెలియదు. "ఎవరిదయ్యా ఈ కార్డు?" అని టీ పోస్తున్న ఆఫీస్ బాయ్‌నే అడిగాం. ఫ్లాస్కు కింద పెట్టి, "నాదే సార్, పెద్దమ్మాయి పెళ్లి" అన్నాడాయన.

ఆయనకు యాభై దాటాయి. మాలో ఎవరికి చక్కెర పడదో ఆయనకు తెలుసు. పదకొండేళ్లు ఆయన చేతి టీ తాగిన మేం ఆయన పేరు అడగలేదు.

ఇంగ్లిష్‌లో బాయ్ అంటే మగపిల్లవాడు. 1886లో యూల్, బర్నెల్ తెచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువులో మాత్రం ఆ మాటకు నౌకరు, పల్లకి మోసేవాడు అనే అర్థాలున్నాయి. రెండోది మన బోయీ అనే మాట నుంచి వచ్చిందట. మోసేవాడికి వయసుతో పనిలేదన్నమాట. అమెరికా దక్షిణాదిలో తెల్లవాళ్లు తలనెరిసిన నల్లవాళ్లనూ బాయ్ అనే పిలిచేవారు. 1968లో అక్కడి మెంఫిస్ నగరంలో చెత్తలారీ యంత్రంలో నలిగి ఇద్దరు నల్లజాతి పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. ఆపైన సమ్మెకు దిగిన తోటివాళ్లు 'నేను మనిషిని' అని రాసిన అట్టలు పట్టుకుని వీధుల్లో నడిచారు.

తప్పు ఇంగ్లిష్ మీదకు నెట్టలేను. పాలేరు ఎంత పెద్దవాడైనా ఒరేయ్ అన్న ఇళ్లలోంచి వచ్చినవాళ్లమే మేం. ఒరేయ్ అనడానికి సిగ్గేసి బాయ్ అంటున్నాం. బస్సులో పక్కన కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషిని బాబాయ్ అని, పెద్దాయనా అని వరస కలిపి పిలుస్తాం. హైదరాబాద్‌లో భాయ్ అంటే తోడబుట్టినవాడు. ఆ ఒత్తు కూడా ఆయనకు దక్కనివ్వలేదు.

నా ఫోన్ తీసి చూసుకున్నాను. గ్యాస్ బాయ్, పేపర్ బాయ్, వాటర్ బాయ్. ఆ వాటర్ బాయ్ క్యాను భుజాన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి వస్తాడు. గుమ్మం ముందు దించి, మోకాలు పట్టుకుని కాసేపు నిలబడతాడు. ఆయన పేరూ నేను అడగలేదు.

పెళ్లికి ఇద్దరమే వెళ్లాం. కొత్త పంచెలో ఉన్న ఆయన్ని చుట్టాలంతా పేరుకు గారు చేర్చి పిలుస్తున్నారు. మమ్మల్ని చూడగానే ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. మా పేర్లు, ఊళ్లు, ఉద్యోగాలు తడుముకోకుండా చెప్పి వియ్యంకుడికి పరిచయం చేశాడు. కార్డు మీద చదువుకున్న ఆయన పేరు నా నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

సోమవారం పక్క సీటులోంచి ఎవరో "బాయ్, టీ" అని కేకేశారు. విన్నాను. తలొంచుకుని పని చేసుకున్నాను.