మళ్లీ బంతి పట్టేవారికి చోటివ్వాలి

ఆస్పరి ప్రాంతంలో ఖరీఫ్ పనులు ముగియగానే ఎన్నో కుటుంబాలు గుంటూరు వైపు సుగ్గికి పోతున్నాయి. బడిలో బాగా బౌలింగ్ చేసిన కుర్రాళ్లు బతుకుతెరువులో పడి ఆట మానేస్తున్నారు. పదిహేనేళ్లకు మళ్లీ ఊరి జట్టులో ఆడతామని వస్తే ‘ఈ వయసులో నీకెందుకప్పా’ అని నవ్వేవారే ఎక్కువ. ఇది సరికాదు.

1932లో భారత జట్టుకు తొలి టెస్టు సారథి అయిన తెలుగు బిడ్డ సి.కె. నాయుడు, అరవై దాటాక 1956-57లో ఉత్తరప్రదేశ్ తరఫున రంజీ పోటీల్లో ఆడారు. 1963-64లో 68వ ఏట మరోసారి మైదానంలో దిగారు. వయసొక్కటే అడ్డు కాదనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

అయితే ఉత్సాహం ఒక్కటే చాలదు. పరుగెత్తి బంతి వేసేటప్పుడు ముందు కాలిపై శరీర బరువుకు ఎన్నో రెట్ల భారం పడుతుంది. సేద్యం చేసిన ఒళ్లయినా ఆ కుదుపుకు అలవాటు పడి ఉండదు. కూలి చేసుకునేవానికి మోకాలు పట్టేస్తే ఆ రోజులన్నీ ఇంటిల్లిపాదికీ కష్టమే. కనుక పోటీలకు నెల ముందే రోజు విడిచి రోజు రెండేసి ఓవర్లతో మొదలుపెట్టి క్రమేపీ పెంచుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు చూపించుకోవాలి. ఎదలో నొప్పి వస్తే వెంటనే ఆట ఆపి డాక్టరు వద్దకు పోవాలి.

పండుగ పోటీలు జరిపే పెద్దలు నలభై దాటినవారికి ఉదయం పూట విడిగా ఒక మ్యాచ్ పెట్టాలి. అప్పుడు కుర్రాళ్ల అవకాశం పోదు, పాతవారి ముచ్చటా తీరుతుంది. ఈ విషయం గ్రామాల యువజన సంఘాలు ఆలోచించడం ఎంతైనా అవసరం.